కీ ఇస్తే నడిచే సినిమా కెమెరా: పాత బోలెక్స్‌తో తొలి రోలు తీయడం ఎలా

ముందుగా మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి. వంద అడుగుల 16 ఎంఎం (16 మిల్లీమీటర్ల వెడల్పు) ఫిల్ము రోలులో 4,000 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే అది 2 నిమిషాల 46 సెకన్ల సినిమా. బోలెక్స్ హెచ్16 కెమెరాకు కీ పూర్తిగా ఇస్తే దాదాపు 28 సెకన్లు నడిచి ఆగిపోతుంది. మళ్ళీ కీ ఇస్తేనే తర్వాతి షాట్. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు, తీసింది వెంటనే చూసుకునే వీలూ లేదు.

నేను ఫిల్మ్ కోర్సు రెండో ఏడాదిలో ఉన్నప్పుడు ఈ కెమెరా చేతికొచ్చింది. ఒకప్పుడు డాక్యుమెంటరీలు తీసి రిటైరైన కెమెరామన్ ఒకాయన తన బీరువాలోంచి తీసి ఇచ్చారు. నేను ఆయన్ని మాస్టారూ అని పిలుస్తాను. ఆ రోజు ఆయన కీ ఇచ్చి బటన్ నొక్కగానే వచ్చిన చప్పుడు, కుట్టుమిషన్ మెల్లగా నడుస్తున్నట్టు ఉంది. అప్పటినుంచి నాకు ఈ యంత్రం మీద ఇష్టం తగ్గలేదు. మీకూ అలాంటి ఇష్టం మొదలై, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే నేను చేసిన క్రమంలోనే చెప్తాను.

ఏ కెమెరా కొనాలో తేల్చుకోండి

కొడాక్ 16 ఎంఎం ఫిల్మును 1923లో ఇంట్లో వాడుకునేవాళ్ళ కోసం తెచ్చింది. అప్పటి 35 ఎంఎం ఫిల్ము నైట్రేట్ కావడంతో ఇట్టే అంటుకునేది, 16 ఎంఎంను మాత్రం మొదటినుంచీ అంత తేలిగ్గా అంటుకోని సేఫ్టీ ఫిల్ము మీదే తయారుచేశారు. మన ఊళ్ళలో ప్రభుత్వ ప్రచార వ్యాను వచ్చి, బడి ఆవరణలో తెర కట్టి డాక్యుమెంటరీలు వేసిన రోజులు మీ తాతయ్యకో నాన్నమ్మకో గుర్తుండే ఉంటాయి. ఆ వ్యాన్లలో నడిచింది ఎక్కువగా ఈ 16 ఎంఎం ప్రొజెక్టర్లే.

స్విట్జర్లాండ్‌లోని పైయార్ కంపెనీ బోలెక్స్ హెచ్16ను 1935లో తెచ్చింది. 1956లో వచ్చిన రిఫ్లెక్స్ మోడల్ అయితే మీరు తీయబోయే దృశ్యాన్ని లెన్సులోంచే చూడొచ్చు. మొదటి కెమెరాగా రిఫ్లెక్స్‌నే వెతకండి. రిఫ్లెక్స్ కానిదాంట్లో వ్యూఫైండర్ వేరుగా పక్కన ఉంటుంది, దగ్గరి వస్తువులు తీసేటప్పుడు ఫ్రేము తప్పుతుంది. నేర్చుకునే రోజుల్లో ఆ తంటా అనవసరం.

రష్యన్ క్రాస్నొగోర్స్క్-3 కూడా స్ప్రింగుతో నడిచేదే, జూమ్ లెన్సుతో వస్తుంది, సాధారణంగా బోలెక్స్ కంటే చౌక. అది దొరికితే వదులుకోకండి. కాకపోతే దాని లోపల లూపును, అంటే ఫిల్ము తిరిగే చిన్న వంపును, పట్టి ఉంచే రేకులు ఫిల్మును గీకుతాయని చాలామంది వాటిని తీయించేస్తారు. 8 ఎంఎం ఫిల్ముతో నడిచే సూపర్ 8 కెమెరా ఇంకా తేలిక, క్యాట్రిడ్జ్ తోసేస్తే చాలు. కానీ ఫిల్ము లోపల ఎలా కదులుతుందో కంటితో చూసి నేర్చుకోవాలనుకునేవాళ్ళకు బోలెక్స్‌లో దొరికే ఆనందం అందులో దొరకదు.

అమ్మేవాళ్ళ మాట విని మోసపోయే చోటు ఒకటుంది. బోలెక్స్ హెచ్8 అని ఇంకో కెమెరా ఉంది. బయటికి హెచ్16 లాగే ఉంటుంది, లోపల మాత్రం 8 ఎంఎం. ఒంటి మీద రాసిన మోడల్ పేరు మీరే చదవండి, ఫోటోలో అడిగి మరీ చూడండి.

కొనేముందు చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

ఇక్కడ తొందరపడకండి. గంట కూర్చుని చూసినా తప్పులేదు. నిజంగా నడిచే కెమెరా అమ్ముతున్నవాళ్ళు మీరు చూస్తానంటే అభ్యంతరం చెప్పరు. చెప్తే వదిలేసి వచ్చేయండి.

మూత తీసి లోపల పళ్ళచక్రాలు చూడండి. వాటినే స్ప్రాకెట్లు అంటారు. బాగా పాతకాలపు హెచ్16లలో రెండు వైపులా పళ్ళుంటాయి. అలాంటి కెమెరాకు రెండు అంచుల్లోనూ చిల్లులున్న ఫిల్ము కావాలి. ఇప్పుడు అమ్మే 16 ఎంఎం రోళ్ళు ఎక్కువగా ఒకే వైపు చిల్లులతో వస్తాయి, రెండో వైపు పళ్ళు ఆ ఫిల్మును చీల్చేస్తాయి. పళ్ళు ఒకే వైపున్న కెమెరా తీసుకోండి.

తర్వాత కీ. హ్యాండిల్ తిప్పుతుంటే బిగువు సమానంగా పెరగాలి. మధ్యలో ఉన్నట్టుండి వదులైతే స్ప్రింగులో ఏదో తెగిందని అర్థం. పూర్తిగా కీ ఇచ్చి, వేగం 24 మీద పెట్టి, బటన్ నొక్కి కళ్ళు మూసుకుని వినండి. చప్పుడు మొదటినుంచి చివరిదాకా ఒకే శ్రుతిలో ఉండాలి. మొదట్లో మూలుగుతూ లేచి తర్వాత అందుకుంటే లోపలి గ్రీజు గట్టిపడిందన్నమాట. సర్వీసు చేయిస్తే బాగవుతుంది, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. గరగరమంటే మాత్రం తీసుకోవద్దు. ఫిల్ము లేకుండా 64 వేగంలో ఎప్పుడూ నడపకండి, యంత్రానికి దెబ్బ.

లెన్సు వెనకనుంచి మొబైల్ టార్చి వేసి ముందునుంచి చూడండి. సాలెగూడు తీగల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఏళ్ళ తరబడి తోలుపెట్టెలో మూసి ఉంచిన లెన్సులకు ఇది పట్టడం మామూలే. అంచున కొంచెం ఉంటే పరవాలేదు, మధ్యలో పాకి ఉంటే వద్దు. అలాగే ఆ తోలుపెట్టెను ఇంటికి తెచ్చాక కెమెరాను మళ్ళీ అందులో పెట్టకండి. సిలికా జెల్ సంచులు వేసిన గట్టి మూత డబ్బా చాలు.

రిఫ్లెక్స్ బోలెక్స్‌లో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య గాజు ప్రిజం ఉంటుంది. వచ్చే వెలుతురులో కొంత భాగాన్ని అది మీ కంటికి మళ్ళిస్తుంది. ఆ గాజును లెక్కలోకి తీసుకుని చేసిన లెన్సుల మీద ఆర్ఎక్స్ అని రాసి ఉంటుంది. 50 ఎంఎం కంటే తక్కువ ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు కొంటే ఆర్ఎక్స్ ఉందో లేదో చూడండి. లేకపోతే అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, బాగా తెరిచినప్పుడు బొమ్మ మెత్తబడుతుంది. స్విట్జర్లాండ్‌లోనే కెర్న్ అనే కంపెనీ చేసిన స్విటార్ లెన్సులు దొరికితే అదృష్టమే. వాటి మీద ఒక అందమైన ఏర్పాటు ఉంటుంది. అపర్చర్ రింగు తిప్పుతుంటే లెన్సు ఒంటి మీది చిన్న కన్నాల్లో నారింజ రంగు చుక్కలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు ఫోకస్‌లో ఉంటుందో ఆ చుక్కలు చూపిస్తాయి. నేను కెమెరా చేతికొచ్చిన రోజు రాత్రి ఆ రింగును ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు.

చివరిగా, లెన్సుల పక్కన సన్నటి గాడిలో చిన్న రేకు ఉంటుంది. జెలటిన్ ఫిల్టర్ పెట్టుకునే రేకు అది. ఫిల్టర్ వాడకపోయినా రేకు గాడిలో ఉండాలి, లేకపోతే ఆ సందులోంచి వెలుతురు లోపలికి పోయి రోలు పాడవుతుంది. చాలా కెమెరాల్లో ఈ రేకు ఎప్పుడో పోయి ఉంటుంది.

ఫిల్ము లేకుండా ఒక వారం

కెమెరా రాగానే రోలు కొనకండి. ముందు ఒక వృథా రోలు సంపాదించండి. గడువు ఎప్పుడో దాటిపోయిందో, పొరపాటున వెలుతురు తగిలిందో, ఏదైనా సరే. దాన్ని కెమెరాలో ఎక్కించడం, తీయడం, మళ్ళీ చుట్టి మళ్ళీ ఎక్కించడం, ఇదే పని వారం పాటు చేయండి. మొదట మూత తీసి ఉంచి, ఫిల్ము పళ్ళ మీదుగా గేటులోకి, అంటే లెన్సు వెనక బొమ్మ పడే చోటికి, వెళ్ళి కిందికి రావడం చూడండి. గేటుకు పైనా కిందా ఫిల్ము చిన్న వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపే లూపు. చక్రం ఆగకుండా తిరుగుతుంటే, గేటులో ఫిల్ము సెకనుకు 24 సార్లు ఆగి కదులుతుంది. ఆ రెండింటి మధ్య తేడాను ఓర్చుకునేది లూపే. లూపు పోతే బొమ్మ జారినట్టు సాగిపోతుంది, చప్పుడు కూడా మారుతుంది. ఆ మారిన చప్పుడు ఎలా ఉంటుందో ఈ వృథా రోలు మీదే వేలితో లూపు చెరిపి ఒకసారి వినండి. షూటింగ్‌లో అది వినిపించగానే చేయి దానంతట అదే ఆగుతుంది.

వేగం సరిగ్గా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవచ్చు. ఫ్రేముల లెక్క చూపే మీటరు ఉన్న మోడల్ అయితే 24 మీద పెట్టి మొబైల్ స్టాప్‌వాచ్‌తో పది సెకన్లు నడపండి. 240 ఫ్రేములకు అటూఇటూగా రావాలి.

ఆ తర్వాత మూత బిగించి, ట్రైపాడ్ మీద పెట్టి, ఇంట్లో వాళ్ళను తీసినట్టే తీయండి. కీ ఇవ్వడం, ఫోకస్, అపర్చర్, కన్ను ఆనించడం, బటన్. ఈ క్రమం చేతికి రావాలి. మాస్టారు నాకు పదేపదే చెప్పింది ఒకటే: "ప్రతి షాటుకూ ముందు కీ నిండా ఇవ్వమ్మా. కిందటి షాటులో మిగిలిందిలే అనుకోకు."

ఏ రోలు కొనాలి

తొలి రోలుకు కలర్ నెగటివ్ తీసుకోండి. కడిగాక నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే రివర్సల్ ఫిల్ము, ఎక్స్‌పోజర్ (ఫిల్ము మీద పడే వెలుతురు) కొంచెం తప్పినా క్షమించదు. నెగటివ్ అలా కాదు, వెలుతురు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువైనా బాగానే భరిస్తుంది. అనుమానం వస్తే తగ్గించకుండా పెంచండి.

కొడాక్ విజన్3 అనే కలర్ నెగటివ్‌లో (పేరులోని అంకె ఫిల్ము స్పీడు, అది పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలు) 50డి పట్టపగలు ఎండకు, 250డి నీడలకు, ఉదయం సాయంత్రాలకు. 200టి, 500టి అనేవి టంగ్‌స్టన్ బల్బుల వెలుగుకు చేసినవి. వాటితో పగలు తీయాలంటే 85 నంబరు ఫిల్టర్ పెట్టాలి. బ్లాక్ అండ్ వైట్ కావాలంటే ట్రై-ఎక్స్, డబుల్-ఎక్స్ ఉన్నాయి. మన ఎండలో 200 స్పీడు ఉన్న ట్రై-ఎక్స్ వాడితే అపర్చర్ పూర్తిగా మూసినా వెలుతురు ఎక్కువైపోతుంది, వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పనిసరి.

డబ్బు లెక్క వేసేటప్పుడు రోలు ధర ఒక్కటే చూడకండి. రోలు, కడిగించడం, స్కానింగ్, రానూపోనూ కొరియర్, ఈ నాలుగూ కలిపితేనే ఒక రోలు ఖర్చు. నేను నలుగురు క్లాస్‌మేట్స్‌తో కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టి, ఒకేసారి ల్యాబ్‌కు పంపుతాను. కొరియర్ ఖర్చు పంచుకుంటే తేలికగా ఉంటుంది.

రోలు వచ్చాక ఫ్రిజ్‌లో పెట్టండి. వాడే రోజు కొన్ని గంటల ముందే బయటికి తీసి, డబ్బా తెరవకుండా అలాగే గది వేడికి రానివ్వండి. చల్లగా ఉండగానే తెరిస్తే ఫిల్ము మీద చెమ్మ పడుతుంది.

రోలు ఎక్కించడం

వంద అడుగుల రోలు లోహపు అంచులున్న చక్రం మీద చుట్టి వస్తుంది. వెలుతురులోనే ఎక్కించవచ్చని చెప్తారు కానీ ఎండలో వద్దు. కర్టెన్లు వేసిన గది, లేదంటే బయట ఉన్నప్పుడు చెట్టు నీడలో ఎండకు వీపు పెట్టి కూర్చోవడం. పై చుట్లు కొన్ని ఎలాగూ వెలుతురుకు పోతాయి, దానికి దిగులు పడకండి.

గేటును ముందు శుభ్రం చేయండి. గాలి ఊదే రబ్బరు బల్బు, మెత్తటి బ్రష్. మొండి మురికి ఉంటే చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. లోహం మాత్రం తగలనివ్వకండి. గేటు మీద పడే ఒక్క గీత మీరు తీసే ప్రతి అడుగు మీదా పడుతుంది.

లూపులను తయారుచేసే రేకులను లివర్ నొక్కి మూయండి. ఫిల్ము కొసను కెమెరా లోపలే అమర్చి ఉన్న చిన్న కత్తెరతో కత్తిరించండి. నిండు చక్రాన్ని పై ఇరుసు మీద పెట్టి, కొసను పై స్ప్రాకెట్‌లోకి తోస్తూ తక్కువ వేగంలో బటన్ నొక్కండి. ఫిల్ము దానంతట అదే గేటు గుండా వెళ్ళి కింది స్ప్రాకెట్ దగ్గర బయటికొస్తుంది. మొదటిసారి అది కింద తలెత్తి వచ్చినప్పుడు నేను నిజంగా చప్పట్లు కొట్టాను. ఒక అడుగు ఫిల్ము వచ్చాక కొసను ఖాళీ చక్రం గాడిలో దోపి, ఆ చక్రాన్ని కింది ఇరుసు మీద పెట్టి, వదులు లేకుండా చేత్తో తిప్పండి.

ఇప్పుడు లూపు రేకులను తెరవడం మర్చిపోకండి. అవి మూసి ఉంటే ఫిల్మును రాసుకుంటూనే ఉంటాయి. రెండు సెకన్లు నడిపి, పై లూపు, కింది లూపు రెండూ రేకులకు తగలకుండా ఉన్నాయని కంటితో చూశాకే మూత పెట్టండి. మూత మీది తాళాల దగ్గర ఓ, ఎఫ్ అనే అక్షరాలుంటాయి. ఫ్రెంచిలో తెరిచి ఉంది, మూసి ఉంది అని. రెండు తాళాలూ ఎఫ్ వైపు తిరగాలి. నేను పైన నల్ల టేపు కూడా అంటిస్తాను, పొరపాటున ఎవరూ తెరవకుండా. ఆపైన అడుగుల మీటరు సున్నాకు వచ్చేదాకా నడిపితే కెమెరా సిద్ధం.

వెలుతురు కొలవడం

మొబైల్‌లో లైట్ మీటర్ యాప్ మొదటి రోలుకు చాలు. స్నేహితుల దగ్గర అసలు మీటరు ఉంటే అడిగి తెచ్చుకుని రెండూ పోల్చి చూడండి.

రిఫ్లెక్స్ బోలెక్స్‌లో 24 వేగం దగ్గర షట్టర్ సమయం సెకనులో 65వ వంతు. ప్రిజం తినేసే వెలుతురును కూడా కలుపుకుని మీటరులో 80వ వంతు అని పెట్టుకోండి. ఎండలో 50డికి అపర్చర్ ఎఫ్ 11, ఎఫ్ 16 మధ్య వస్తుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నది). మీ యాప్ మరీ వేరే అంకె చూపిస్తే యాప్‌నే అనుమానించండి. వేగం 64కు పెంచితే ఫిల్ము మీద పడే వెలుతురు తగ్గుతుంది కాబట్టి అపర్చర్ దాదాపు స్టాపున్నర తెరవాలి. ఆ వేగంలో కీ పది సెకన్లకే అయిపోతుంది కూడా.

ఫోకస్ చేసేటప్పుడు అపర్చర్ పూర్తిగా తెరవండి, తర్వాత కావలసిన అంకెకు మూయండి. అపర్చర్ మూయడం మరిచి, తెరిచి ఉండగానే బటన్ నొక్కేయడం కొత్తవాళ్ళకు బాగా జరిగే తప్పు. అలాగే కన్ను వ్యూఫైండర్‌కు గట్టిగా ఆనాలి, లేదా వ్యూఫైండర్‌ను మూసేయాలి. వెనకనుంచి పోయే వెలుతురు ప్రిజం గుండా ఫిల్ము దాకా చేరుతుంది.

ఇక నేను పోగొట్టుకున్న రోలు సంగతి. రిఫ్లెక్స్ మోడళ్ళలో షట్టర్‌ను కొంచెం కొంచెంగా మూసే లివర్ పక్కన ఉంటుంది. ఫేడ్ ఔట్ చేయడానికి పనికొస్తుంది. పూర్తిగా మూస్తే ఫిల్ము మీద ఏమీ పడదు. కానీ ప్రిజం షట్టర్‌కు ముందుంటుంది కాబట్టి నా వ్యూఫైండర్‌లో బొమ్మ ఎప్పటిలాగే కనిపించింది. ధనుర్మాసంలో మా అమ్మమ్మ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేయడం తీద్దామని ఊరెళ్ళాను. కెమెరా సంచిలోంచి తీసేటప్పుడు ఆ లివర్ కిందికి జారింది. నేను చూడలేదు. చలిలో అమ్మమ్మ నా కోసం చుక్కలు చెరిపి మళ్ళీ పెట్టింది, రోలంతా తీశాను. ల్యాబ్ నుంచి వచ్చిన నెగటివ్‌లో ఒక్క బొమ్మ లేదు. ఆ రోజు చాలా ఏడ్చాను.

అప్పటినుంచి నేను ప్రతి షాటుకూ ముందు పైకే చదువుతాను: కీ, లివర్, వేగం, ఫోకస్, అపర్చర్, కన్ను. మీరు ఈ ఆరు మాటలు ఒక చిన్న కాగితం మీద రాసి కెమెరా ఒంటికి అంటించుకోండి.

తీసే రోజు

మొదటి ఇరవై అడుగులు పరీక్షకు వదిలేయండి. అంటే 33 సెకన్లు. ఇటుకల గోడ ముందు టేపుతో కొలిచి ఆరడుగుల దగ్గర ఫోకస్ పెట్టి కాసేపు తీయండి. దూరాన్ని లెన్సు ముందు నుంచి కాకుండా ఫిల్ము ఉండే చోటు నుంచి కొలవాలి. తర్వాత ఒక మనిషి ముఖాన్ని మీటరు చెప్పిన అపర్చర్‌లో, ఒక స్టాప్ ఎక్కువలో, ఒక స్టాప్ తక్కువలో తీయండి. ఏ ముక్క ఏ అంకెతో తీశారో పలక మీద రాసి ఫ్రేములోనే చూపించండి. మీ కెమెరా గురించి ఈ ముక్కలు చెప్పినంత ఇంకెవరూ చెప్పలేరు.

మిగిలిన ఎనభై అడుగులు మీవి. దాదాపు 133 సెకన్లు, పది సెకన్ల షాట్లయితే పదమూడు. షాట్లను ఇంట్లోనే రాసుకోండి. అమ్మమ్మ ముగ్గు కోసం రెండోసారి సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేను మొదటి రెండు ఉదయాలూ ఫిల్ము లేకుండానే కెమెరా పట్టుకుని కూర్చున్నాను. ముగ్గు పూర్తవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, నా కీ 28 సెకన్లు. కల్లాపి చల్లిన నేల, డబ్బాలోంచి పిండి తీసే చేయి, చుక్కల వరస, వేళ్ళ సందులోంచి జారే పిండి గీత, నడుము పట్టుకుని లేచి దూరం నుంచి చూసుకోవడం, గొబ్బెమ్మ పెట్టడం. చివరికి ఆరు షాట్లు మిగిలాయి. వేళ్ళ షాటుకు మాత్రం కీ మొత్తం వాడేశాను. 250డి, అపర్చర్ ఎఫ్ 2 దగ్గర. అంత తెరిచినప్పుడు ఫోకస్ వెంట్రుకవాసి కూడా తప్పకూడదు, అందుకే అమ్మమ్మ కూర్చునే చోటు ముందురోజే టేపుతో కొలిచి పెట్టుకున్నాను.

ఒక్కో షాటు కాగానే నోట్‌బుక్‌లో రాయండి: షాట్ నంబరు, లెన్సు, అపర్చర్, మీటరు ఎన్ని అడుగుల దగ్గర ఉంది. బద్ధకిస్తే నెల తర్వాత నెగటివ్ చూసేటప్పుడు ఏదీ గుర్తుండదు.

కెమెరా చప్పుడు చేస్తుంది, స్ప్రింగు వేగం కూడా సెకను సెకనుకూ ఒకేలా ఉండదు. కాబట్టి మాటలు పెదాలకు కలవాలని ఆశపడకండి. శబ్దాన్ని కెమెరా ఆగి ఉన్నప్పుడు మొబైల్‌లో విడిగా రికార్డు చేయండి. నేల ఊడ్చే చప్పుడు, కోడి కూత, బకెట్ పెట్టిన చప్పుడు ఒక్కొక్కటి నిమిషం పాటు.

డబుల్ ఎక్స్‌పోజర్ ప్రయత్నించాలనుంటే బోలెక్స్ ఇచ్చే సౌకర్యం చాలా కెమెరాల్లో లేదు. పక్కనున్న చిన్న మీటతో స్ప్రింగును విడదీసి, చేతి క్రాంకుతో ఫిల్మును వెనక్కి తిప్పవచ్చు. వెనక్కి తిప్పేటప్పుడు లెన్సుకు మూత పెట్టి, షట్టర్ లివర్ మూసేయండి. మళ్ళీ తీసే ముందు లివర్ తెరవండి. రెండు పొరలకూ చెరో స్టాప్ తక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తే సరిపోతుంది. మొదటి పొరలో నల్లగా ఉన్న చోటే రెండో పొర బాగా కనిపిస్తుందని గుర్తుంచుకోండి.

మే నెలలో అయితే కెమెరాను ఎండలో ఆపిన కారులో వదలకండి. లోపల ఫిల్ము ఉంటే రంగులు పోతాయి.

ల్యాబ్‌కు పంపడం

మీటరు వంద దాటాక కూడా కొస పూర్తిగా కింది చక్రం మీదికి చుట్టుకునేదాకా నడపండి. మళ్ళీ నీడలోకి వెళ్ళి మూత తీసి, కొసకు టేపు వేసి, నల్ల సంచిలో, డబ్బాలో పెట్టండి. డబ్బా మీద ఫిల్ము పేరు, "ఎక్స్‌పోజ్ అయింది, చీకట్లోనే తెరవాలి" అనే మాట, అడుగులు, ఎలా కడగాలో రాయండి. విజన్3కి ఈసీఎన్-2 అని రాయాలి. మీ ఊళ్ళో ఫోటో రోళ్ళు కడిగే స్టూడియో వాళ్ళు మేమూ చేస్తామంటే ఇవ్వకండి. పాత విజన్3 స్టాకు వెనక రెమ్‌జెట్ అనే నల్ల పూత ఉంటుంది, మామూలు ఫోటో మెషిన్‌లో అది ఊడి మీ రోలుతో పాటు వాళ్ళ రసాయనాలనూ పాడుచేస్తుంది. సినిమా ఫిల్ము కడిగే ల్యాబే కావాలి.

విమానంలో మీరే తీసుకెళ్తుంటే చెక్-ఇన్ సామానులో ఎప్పుడూ పెట్టకండి. చేతిసంచిలో ఉంచి, స్కానర్‌లో పెట్టకుండా చేత్తో చూడమని సెక్యూరిటీ వాళ్ళను మర్యాదగా అడగండి. కొత్త సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మును చెడగొడతాయి. కొంచెం ముందుగా వెళ్తే టెన్షన్ ఉండదు.

స్కాన్ 2కే సరిపోతుంది. రంగులు దిద్దకుండా ఫ్లాట్‌గా ఇవ్వమని అడగండి, రంగుల పని తర్వాత మీరు చేసుకోవచ్చు.

నెగటివ్ వచ్చాక

ముందు పరీక్ష ముక్కలు చూడండి. ఇటుకలు పదునుగా ఉన్నాయా, ముఖం ఏ అంకె దగ్గర బాగుంది, అంచుల్లో నారింజ మరకలేమైనా ఉన్నాయా. మరక ఉంటే వెలుతురు ఎక్కడో కారుతోంది. మూత తాళాలు, ఫిల్టర్ రేకు, వ్యూఫైండర్, ఈ వరసలో వెతకండి. బొమ్మ నిలువుగా జారితే లూపు. ప్రతి షాటులో ఒకే చోట వెంట్రుక కనిపిస్తే గేటు శుభ్రం చేయలేదన్నమాట. నోట్‌బుక్‌లో ప్రతి షాటు పక్కన ఏం జరిగిందో రాసుకోండి.

నెగటివ్‌ను చల్లటి, పొడి చోట ఉంచండి. ఎప్పుడైనా పాత రీళ్ళు మీ చేతికొస్తే డబ్బా తెరిచి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము లోపల్లోపల కుళ్ళుతోంది, దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి వీలైనంత త్వరగా స్కాన్ చేయించాలి. కెమెరాను పెట్టెలో పెట్టే ముందు మిగిలిన కీ అంతా తక్కువ వేగంలో నడిపి వదిలేయండి, స్ప్రింగు బిగువుగా ఉండిపోకూడదు. వాడకపోయినా నెలకోసారి తీసి కాసేపు నడపండి.

నా రెండో రోలు వచ్చినప్పుడు అమ్మమ్మకు వాకిట్లోనే, తెల్ల దుప్పటి కట్టి చిన్న ప్రొజెక్టర్ మీద స్కాన్ వేసి చూపించాను. పిండి జారే షాటు దగ్గర ఆమె కుర్చీలోంచి ముందుకు వంగి, "ఆ నాలుగో చుక్క వంకరగా పడిందే" అంది.